వాన ఎవరి పూచీ

మా ఎదురింటి గురుమూర్తి గారు కూరల బండి దగ్గర ఆగారంటే ఆ బండివాడికి గుండెల్లో రాయి పడుతుంది. ఆయన బేరమాడరు. ఎంత చెబితే అంతే ఇస్తారు. కాని వంకాయ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇంటికి వెళ్ళి కోశాక లోపల పుచ్చుంటే ఆ నష్టం ఎవరిది?" అని అడుగుతారు. హిందీలో, చాలా మర్యాదగా. బండివాడు కొత్తవాడైతే తనూ ఇంకో వంకాయ తీసి దాని వంక భయంగా చూస్తాడు. పాతవాడైతే "పుచ్చుంటే వెనక్కి తెచ్చెయ్యండి సాబ్" అని తూచి సంచిలో పోస్తాడు. అప్పుడు ఆయన ముఖంలో కనిపించే శాంతి నేను గుడిలో కూడా ఎవరి ముఖంలోనూ చూడలేదు.

ఆయన ఉద్యోగమే అలాంటిది. ఊరి బయట హజీరాలో ఒక పెద్ద కర్మాగారంలో కాంట్రాక్టుల మేనేజరు. అక్కడ ఏది కట్టాలన్నా ముందు ఆయన కాగితం తయారు చెయ్యాలి. ఆ పనిలో ఏమేం చెడిపోవచ్చో కూర్చుని ఊహించడం, ఊహించిన ప్రతి ఆపదకూ ఒక యజమానిని చూసి పెట్టడం, ఇదే ఆయన చేసే పని. "ఆపద రాకుండా ఆపలేమండీ ఊర్మిళ గారూ, వచ్చినప్పుడు అది మనది కాకుండా చూసుకోవాలి" అని ఒకసారి నాతో అన్నారు. అప్పుడు నేను చెబుతున్నది మా వారి బీపీ గురించి.

ఏ రిస్కును ఎవరు బాగా మోయగలరో వాళ్ళకే అప్పగించాలి, అదే శాస్త్రం అని కూడా ఆయనే చెప్పేవారు. శాస్త్రం మంచిదే. నేను కాదనను. కాని ఎవరు మోయగలరా అని వెతికినప్పుడల్లా ఆయన చూపు కిందికే పోయేది. కంపెనీ నుంచి కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు నుంచి మేస్త్రీకి, మేస్త్రీ నుంచి కూలివాడికి. పైకి చూడగా నేనెప్పుడూ చూడలేదు.

మనిషి మాత్రం మంచివాడే. తల్లిని కళ్ళల్లో పెట్టుకు చూసుకుంటారు. వాళ్ళమ్మ వెంకటసుబ్బమ్మ గారిని నేను పిన్నిగారంటాను. ఈ గుజరాతీ ఊళ్ళో, అడాజన్ పేటలో, ఈ ఫ్లాట్ల సొసైటీలో, బి వింగ్ నాలుగో అంతస్తులో మా రెండిళ్ళూ ఎదురెదురు. మా వారు రైల్వేలో చేరి మమ్మల్ని ఇక్కడికి తెచ్చిన కొత్తలో నాకు ఊరు నచ్చక ఏడుస్తుంటే, "ఏడుపు అయ్యాక రా, పులిహోర చేశాను" అన్న మనిషి ఆవిడ.

రెండేళ్ళ కిందట పిన్నిగారు బాత్‌రూమ్‌లో పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. వాకర్ పట్టుకుని ఇంట్లో నడవవచ్చు, మెట్లు మాత్రం వద్దన్నాడు డాక్టరు. మాది పాత బిల్డింగు, లిఫ్టు లేదు. అంతే, ఆవిడ కాలు మళ్ళీ కింద మట్టి మీద ఆనలేదు.

అంతకు ముందు ఆవిడ సాయంత్రాలన్నీ కిందే గడిచేవి. గేటు పక్కన సిమెంటు బెంచీ మీద గ్రౌండ్ ఫ్లోర్ శాంతాబా కూర్చుంటుంది, ఆమె పక్కన ఈవిడ. పిన్నిగారికి గుజరాతీ రాదు. శాంతాబాకు తెలుగు రాదు. ఇద్దరూ చిక్కుడుకాయలు ఒలుస్తూ చీకటి పడేదాకా మాట్లాడుకునేవారు. ఏం మాట్లాడుకుంటారని అడిగితే "కోడళ్ళ గురించి" అన్నారు. ఇప్పుడు ఈవిడ దిగలేదు. ఆమెకు మోకాళ్ళు పోయాయి కాబట్టి ఎక్కలేదు. ఒకరు బాల్కనీలో, ఒకరు బెంచీ మీద. వీధి మోతలో ఒక్క ముక్కా వినపడదు. చేతులూపుకుంటారు, కాసేపు చూసుకుంటారు, లోపలికి వెళ్ళిపోతారు.

"ఒక్కసారి కిందికి వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చోవాలే ఊర్మిళా. ఇక్కడినుంచి చూస్తుంటే నేనప్పుడే పైకి వెళ్ళిపోయి చూస్తున్నట్టుంది" అన్నారొకనాడు. ఇంటికి వచ్చి ఏడ్చాను.

ఆ మాట నేనే సొసైటీ కమిటీలో చెప్పాను. మెట్ల గోడకు బయటినుంచి ఇనుప చట్రం ఆనించి లిఫ్టు పెట్టవచ్చని తేలింది. అందరూ ఒప్పుకున్నారు. కాంట్రాక్టు సంగతి చూడటానికి మన దగ్గర ఇంత పెద్ద నిపుణుడు ఉండగా బయటివాళ్ళెందుకని గురుమూర్తి గారికి అప్పగించారు. తల్లి కోసం గనక ఆయన ప్రాణం పెట్టి పని చేశారు. అక్కడే వచ్చింది చిక్కు.

ఆయన తయారు చేసిన కాంట్రాక్టు మా ఇంట్లో రుబ్బురోలు పొత్రమంత మందం ఉంది. వాన వస్తే కాంట్రాక్టరుది. తాపీ నది పొంగితే కాంట్రాక్టరుది. తవ్వేచోట పాత పైపు తగిలితే, రాయి తగిలితే, ఏమీ తగలక మట్టి జారితే కాంట్రాక్టరుది. పండగల్లో గాలిపటం దారం తగులుకున్నా, గొయ్యిలో కుక్క పిల్లల్ని పెట్టినా కాంట్రాక్టరుదే. చదివిన కాంట్రాక్టర్లందరూ నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ధనసుఖ్‌భాయ్ ఒక్కడు చదవలేదు, అందుకని మిగిలాడు. "వాంధో నథీ, మూర్తిసాబ్" అన్నాడు. ఏం పర్వాలేదని. టీ తాగుతూ పేజీ పేజీకీ సంతకం పెట్టాడు. ఈ ఊళ్ళో వజ్రాలు చిన్న కాగితపు పొట్లాల్లో మాట మీద చేతులు మారతాయి. అందులో పెరిగిన మనిషికి అంత లావు కాగితం చూస్తే ఎదుటివాడికి ఒంట్లో బాగాలేదేమో అనిపించిందట. తరవాత చెప్పాడు.

లిఫ్టు అడుగున ఉండాల్సిన గొయ్యి తవ్వే పని ధనసుఖ్‌భాయ్ శివకృష్ణకిచ్చాడు. శివకృష్ణ కోసాడ్ కాలనీలో ఉంటాడు, కరీంనగర్ వైపు మనిషి, తన కింద కూలీలను పెట్టుకుని మట్టి పనులు చేయిస్తాడు. వాళ్ళిద్దరూ నోటి మాటతో కానిచ్చేవాళ్ళే. గురుమూర్తి గారు ఒప్పుకోలేదు. "మీ పైన ఏయే షరతులున్నాయో అవన్నీ అలాగే మీ కిందివాడి మీద ఉండాలి ధనసుఖ్‌భాయ్, లేకపోతే మీరు మునిగిపోతారు" అని జాలిపడి ఆ కాగితం కూడా ఉచితంగా తనే తయారు చేసి ఇచ్చారు.

శివకృష్ణ తల గోక్కున్నాడు. "సార్, గొయ్యి తవ్వుడు నా పని. వానొస్తే నేనేం జెయ్యాలె? మొగులు నా మాట ఇంటదా? నీళ్ళు తోడనీకి నా దగ్గర మోటారు గూడ లేదు" అన్నాడు.

"సొసైటీ పంపు వాడుకో" అన్నారు గురుమూర్తి గారు.

"అది ఖరాబైతే?"

ఆ ప్రశ్నకు ఆయన కళ్ళు మెరిశాయి. ఇన్నాళ్ళకు ఒక శిష్యుడు దొరికాడనుకున్నారేమో. "మంచి మాట అడిగావు. పంపు ఎవరి చేతిలో ఉందో నీళ్ళ పూచీ వాళ్ళదే" అని అప్పటికప్పుడు మూడో కాగితం రాశారు. గొయ్యిలో చేరిన నీటికి, ఆ నీటివల్ల కలిగే సమస్త ఆలస్యానికి సొసైటీ పంపు ఇన్‌చార్జి బాధ్యుడు. మా సొసైటీలో ఏటా పనులు పంచుకుంటాం. పార్కింగు ఒకరికి, నవరాత్రి లైట్లు ఒకరికి, పంపు ఒకరికి. ఆ ఏడు పంపు గురుమూర్తి గారి వంతు. అది ఆయనకు తెలియక కాదు. తను రాసిన కాగితం తనే రెండుసార్లు చదివి, బాగుందన్నట్టు తలూపి, కింద సంతకం పెట్టారు. పంపు ఇన్‌చార్జి అంటే ఆయనకు ఆ నిమిషంలో ఎక్కడో కిందున్నవాడిలా కనిపించాడు గాని, తన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని నిలబడ్డవాడిలా కనిపించలేదని నా అనుమానం.

జూన్ చివర్లో వాన మొదలైంది. ఒక్క రోజులో గొయ్యి నిండింది.

ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఇక్కడ తవ్వింది శివకృష్ణ, పడింది గురుమూర్తి గారు. సొసైటీ తరఫున ఆయన ధనసుఖ్‌భాయ్‌కి నోటీసు ఇచ్చారు, నీళ్ళు వెంటనే తొలగించాలని. ధనసుఖ్‌భాయ్ కారులో కూర్చుని మొదటిసారిగా ఆ కాంట్రాక్టు చదివాడు. చదివి దిగాక మనిషి మారిపోయాడు. అంతకు ముందు వస్తూనే చేత్తో మట్టి తీసి నలిపి చూసేవాడు, ఇప్పుడు ఫైలుతో వచ్చి దూరంగా నిలబడుతున్నాడు. ఆయన శివకృష్ణకు నోటీసు ఇచ్చాడు. శివకృష్ణ నాలుగంతస్తులు ఎక్కి వచ్చాడు.

"సార్, జర దస్తఖత్ వెట్టుండ్రి. మీకు నోటీసిస్తున్న."

గురుమూర్తి గారు తీసుకున్నారు. చదివారు. పంపు ఇన్‌చార్జి హోదాలో జవాబు రాశారు. ఇంత వాన మామూలు వాన కాదు, దైవఘటన, కాబట్టి తన పూచీ కాదని. ఆ జవాబు శివకృష్ణ ద్వారా ధనసుఖ్‌భాయ్‌కి, ధనసుఖ్‌భాయ్ ద్వారా సొసైటీకి, అంటే మళ్ళీ ఈయనకే చేరింది. సొసైటీ తరఫున ఈయన దాన్ని తిరస్కరించారు. సమాధానం తృప్తికరంగా లేదట.

అలా వారాలు నడిచింది. సొసైటీ తరఫున రాసేటప్పుడు భోజనాల బల్ల దగ్గర కూర్చునేవారు. పంపు తరఫున రాసేటప్పుడు బాల్కనీలో, చిన్న స్టూలు మీద. ఆయన భార్య అనూరాధ రెండు చేతుల్లో రెండు కప్పులు పట్టుకుని మధ్యలో నిలబడి, "ఇప్పుడు మీరెవరండీ? సొసైటీ అయితే చక్కెర లేకుండా తెచ్చాను" అని అడగడం నేను చెవులారా విన్నాను. ఆయన విసుక్కోలేదు. కాసేపు ఆలోచించి, "పంపు" అన్నారు.

ఇంతకీ పంపు గొయ్యి ఒడ్డునే ఉంది. పైపు నీళ్ళలోనే ఉంది. కావలసిందల్లా స్విచ్చి నొక్కడం. రోజూ సాయంత్రం ముగ్గురూ గొడుగులు వేసుకుని దాని చుట్టూ నిలబడేవారు. నొక్కినవాడు పూచీ ఒప్పుకున్నట్టే గనక ఎవరి చెయ్యీ ముందుకు రాదు. ఒకనాడు నాకు ఒళ్ళు మండి వెళ్ళి నొక్కబోయాను.

"ఊర్మిళ గారూ, ముట్టుకోకండి. ముట్టుకుంటే గొయ్యి మీది అవుతుంది" అన్నారు గురుమూర్తి గారు, ప్రాణాపాయం నుంచి తప్పిస్తున్నట్టు.

నేనూ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అంటువ్యాధి అది.

కప్పలు చేరాయి. వినాయక చవితి వచ్చింది. ఇంత నీరు ఇంట్లోనే ఉండగా నిమజ్జనానికి ఎక్కడికో ఎందుకని ఎ వింగ్ ఆడవాళ్ళు చిన్న మట్టి విగ్రహంతో గొయ్యి దగ్గరికి వచ్చారు. విగ్రహం కరగకుండా అడుగున నిలిచిపోతే తీసే బాధ్యత ఎవరిదని ఈయన అడిగారు. వాళ్ళు ముఖాలు చూసుకుని, దేవుణ్ణి ఆటోలో ఎక్కించుకుని కార్పొరేషన్ తొట్టికి వెళ్ళిపోయారు.

ఇదంతా పిన్నిగారు బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నారు. శాంతాబా బెంచీ చుట్టూ బురద. ఆమె కూడా బయటికి రావడం మానేసింది. ఇప్పుడు చెయ్యి ఊపడానికి కూడా కింద ఎవరూ లేరు. పిన్నిగారు అన్నం సగంలో వదిలేస్తున్నారని అనూరాధ నాకు చెప్పింది.

ఒక ఆదివారం పిన్నిగారు నన్ను పిలిచి, "ఆ కాగితాల వాళ్ళందరినీ రమ్మను. నేను దిగలేను గనక వాళ్ళే ఎక్కాలి" అన్నారు.

వచ్చారు. మూడో అంతస్తులో ధనసుఖ్‌భాయ్ రెయిలింగు పట్టుకుని ఆగి, ఇంకా ఎంత ఉందని నన్ను అడిగాడు. లిఫ్టు కడుతున్న మనిషి ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. పైకి వచ్చి సోఫాలో కూలబడితే పిన్నిగారు మంచినీళ్ళు ఇప్పించారు. శివకృష్ణ నిలబడే ఉంటానంటే ఊరుకోలేదు, కూర్చోమన్నారు.

"ఒరేయ్ మూర్తీ, ఆ వాన కాగితం మీద చివరి పేరు ఎవరిది?"

"పంపు ఇన్‌చార్జిదమ్మా."

"అంటే?"

ఆయన కొంచెంసేపు కిటికీ వంక చూసి, "నాదే" అన్నారు.

"అది కొట్టేసి నా పేరు రాయి."

"అలా కుదరదమ్మా. రిస్కు తీసుకోవాలంటే దాన్ని మోసే శక్తి ఉండాలి. నువ్వు డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషివి."

"వానొక్కటే కాదు. ఆ రాయి, మట్టి, పైపు, గాలిపటాలు, ధనసుఖ్‌భాయ్ మీద ఏమేం పెట్టావో అన్నీ నా పేర రాసెయ్."

నేను ధనసుఖ్‌భాయ్‌కి హిందీలో చెప్పాను. ఆయన నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి సర్దుకుని కూర్చున్నాడు.

"అమ్మా, గొయ్యి కూలిపోయి పని మొత్తం పోయిందనుకో. అప్పుడు నువ్వేం చేస్తావు?" అన్నారు గురుమూర్తి గారు. ఆఫీసులో ఎవరినో అడిగినట్టే అడిగారు.

"ఏం చేస్తాను? ఈ నాలుగో అంతస్తులో కూర్చుంటాను. ఇప్పుడు చేస్తున్నదీ అదేగా."

శివకృష్ణ కింద నేల చూశాడు. గురుమూర్తి గారు కాగితం రాసేసరికి చాలాసేపు పట్టింది, రెండుసార్లు కొట్టివేతలు కూడా పడ్డాయి. పిన్నిగారు తెలుగులో, విడివిడి అక్షరాలతో, వెంకటసుబ్బమ్మ అని సంతకం పెట్టారు. పెట్టి, "శివకృష్ణా, వెళ్ళి ఆ నీళ్ళు తోడించు నాయనా" అన్నారు. పంపు మోత నాలుగో అంతస్తుదాకా వినిపించింది.

ఆ తరవాత జరిగింది నేను ఎవరికి చెప్పినా నమ్మరు. రోజూ పొద్దున్నే ధనసుఖ్‌భాయ్ కింద నిలబడి, "బా, షురూ కరూ?" అని అరిచేవాడు, అమ్మా మొదలుపెట్టనా అని. పిన్నిగారు బాల్కనీలోంచి చెయ్యి ఊపేవారు. పని మొదలయ్యేది. గొయ్యిలో నిజంగానే పాత మురుగు పైపు తగిలింది. ముందైతే దాని మీద నెల రోజులు ఉత్తరాలు నడిచేవి. ధనసుఖ్‌భాయ్ పైకి చూసి, పైపు అడ్డొచ్చింది, పక్కకు తిప్పనా అని అడిగాడు. నేను తెలుగులో చెప్పాను. "తిప్పమను" అన్నారు. సాయంత్రానికి తిప్పాడు. పైపు సంగతి ఆవిడకు ఏం తెలుసు? తెలిసినవాడు ధనసుఖ్‌భాయే. తప్పైతే నాదని ఒక మనిషి పైన కూర్చుంటే ఆయనకు తెలిసింది ఆయన చేశాడు, అంతే. ఒకసారి చట్రం బోల్టు ఒకటి సరిగా కూర్చోలేదని ఎవరూ అడగకుండా తనే వచ్చి చెప్పాడు. తిట్టే ఆవిడ ఉంది గాని, నోటీసిచ్చే ఆవిడ లేదు కదా.

వాన వచ్చేట్టుంటే శివకృష్ణ చెప్పకుండానే టార్పాలిన్ కప్పేవాడు. "ముసలమ్మ పేరు మీదున్న గొయ్యి అమ్మా. దానికేమన్నయితే నాకే మంచిగుండదు" అన్నాడు నాతో. ఇదే గొయ్యి తన పేరు మీద ఉన్నప్పుడు దానివంక తిరిగి చూడలేదు.

దిక్కు తోచనిది గురుమూర్తి గారికే. ఆఫీసు నుంచి వచ్చి గొయ్యి చుట్టూ తిరిగేవారు. "రిస్కంతా అమ్మ దగ్గర ఉంటే నాకు నిద్ర పట్టడం లేదండీ" అన్నారు నాతో.

"ఇన్నేళ్ళుగా ఎవరెవరి అమ్మలున్న ఇళ్ళకో పంపించారు కదా, అప్పుడెలా పట్టింది?" అన్నాను. నాకు నోటిదురుసు. ఆయన రెండు రోజులు మా ఇంటివైపు చూడలేదు.

దీపావళికి ముందు లిఫ్టు సిద్ధమైంది. లిఫ్టులు తనిఖీ చేసే అధికారి వచ్చి పరీక్షించి సరేనన్నాడు. పిన్నిగారు ఆ సాయంత్రం ఇస్త్రీ చేసిన నేతచీర కట్టుకుని, అనూరాధ చేత జడ వేయించుకుని, వాకర్ పట్టుకుని గుమ్మం బయటికి వచ్చారు. కింద శాంతాబాను అప్పటికే బెంచీ మీద కూర్చోబెట్టారని శివకృష్ణ వచ్చి చెప్పాడు. మేమంతా లిఫ్టు ముందు నిలబడ్డాం. అప్పుడు గురుమూర్తి గారు జేబులోంచి కాగితం తీశారు.

"అమ్మా, ఒక్క సంతకం. పని పూర్తయింది గనక నీ పేర ఉన్న పూచీలన్నీ ఇప్పుడు సొసైటీకి బదిలీ అవుతాయి. ఇకనుంచి నీకే బాధ్యతా ఉండదు."

పిన్నిగారు ఆ కాగితం వంక చూశారు. పెన్ను తీసుకోలేదు.

"ఇవ్వను" అన్నారు.

"ఇవ్వకపోతే ఎలాగమ్మా? అది పద్ధతి."

"ఇల్లు మీ నాన్న పేర ఉండేది, తరవాత నీ పేరయింది. బ్యాంకులో డబ్బు నాదంటావు, సంతకం నీది. తుంటి నాది, కొయ్యమని సంతకం పెట్టింది నువ్వు. పుట్టి బుద్ధెరిగాక నా అంతట నేను పెట్టిన సంతకం ఇదొక్కటేరా. ఇది నాకుండనీ."

గురుమూర్తి గారి చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది.

పిన్నిగారు వాకర్ ముందుకు తోసి లిఫ్టులోకి వెళ్ళారు. లోపల మెల్లగా ఇటు తిరిగి, తలుపు మూసుకోకుండా వాకర్ అడ్డం పెట్టి నిలబడ్డారు. గురుమూర్తి గారు గడప దగ్గర ఆగిపోయారు. లిఫ్టుకూ నేలకూ మధ్య సందులోంచి కిందిదాకా చీకటి కనిపిస్తోంది. దాన్ని చూస్తున్నారు.

"ఎక్కరా" అన్నారు పిన్నిగారు. "నా పూచీ."

ఆయన ఎక్కారు. తలుపు మూసుకుంది. గాజులోంచి చూశాను. పిన్నిగారు కిందికి చూస్తున్నారు. ఆయన కళ్ళు మూసుకుని ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.